తీసేసిన పేరు

"నా రిపోర్టు నాకంటే ముందు మా అత్తకెలా తెలిసిందే?"

గుమ్మంలో నిలబడే అడిగింది జయకుమారి. పలకరింపు లేదు, లోపలికి రావడం లేదు. చేతిలో బట్టల సంచీ. సత్తెనపల్లి దాకా పత్తి ట్రాక్టరు ఎక్కి వచ్చినట్టుంది, జుట్టుకీ భుజాలకీ దూది అంటుకుని ఉంది. అయిదో నెల కడుపు. మధ్యాహ్నం మూడింటికి అంత దూరం వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది.

"ఏ రిపోర్టు?" అన్నాను.

"నా రక్తం రిపోర్టు. పాజిటివ్ అంట. పొద్దున కుళాయి కింద బిందె పెడుతుంటే మా అత్త వచ్చి ఆ బిందెని కాలితో తన్నింది. 'రోగిష్టిదానా, నా కొడుకుని తగలెయ్యడానికి దొరికావటే' అంది. వీధి వీధంతా ఉన్నారు. షారోనూ, నేనింకా చీటీ వస్తుందని చూస్తన్నానే."

మాట పడనిదాన్నని, ఎదుటివాళ్ళు ఒకటంటే నాలుగంటానని మా ఆఫీసులో నాకు పేరుంది. అలాంటిదాన్ని కుర్చీలో అలాగే ఉండిపోయాను. చీటీ వస్తుందని చూస్తున్నానన్న ఆ ఒక్క మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

ఎందుకంటే చీటీ వచ్చేది ఏమీ లేనివాళ్ళకే. అది మా ట్రస్టు పద్ధతి. గుంటూరులో, నల్లపాడు వెళ్ళే రోడ్డులో మా ల్యాబు ఉంది. పల్లెల్లో పదకొండు సెంటర్లున్నాయి. సెంటర్లలో తీసిన రక్తం ఇక్కడికి వస్తుంది, హెచ్‌ఐవీ ఉందో లేదో ఇక్కడ చూస్తారు. లేకపోతే చేతి రాతతో ఒక చిన్న చీటీ పంపిస్తారు. ఉంటే మాత్రం చీటీ ఉండదు. కంప్యూటరులో తాళం వేసిన రిపోర్టు ఆ సెంటరు నర్సుకి వెళ్తుంది. నర్సు ఆ మనిషిని పిలిచి, తలుపు దగ్గరికి వేసి, పక్కన కూర్చుని చెబుతుంది. ఎలా చెప్పాలో వాళ్ళకు పది రోజుల ట్రైనింగు ఉంటుంది. ఆ ట్రైనింగులో అందరికంటే బాగా చెప్పిందని మెచ్చుకోలు పొందిన నర్సు ఈ జయకుమారే. సత్తెనపల్లి అవతల ఉన్న సెంటరు ఆమెది. హాస్టల్లో మూడేళ్ళు నా పక్క మంచం కూడా ఆమెదే.

ఆ తాళం వేసే ప్రోగ్రాము నాది.

"నా ప్రోగ్రాములోంచి బయటికి పొయ్యే ప్రసక్తే లేదు" అన్నాను. అయిదో నెల కడుపుతో వీధిన పడి వచ్చిన స్నేహితురాలితో నేనన్న మొదటి మంచి మాట అది. ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ గర్వం ఊరికే రాలేదు. నేను చేరక ముందు రిపోర్టులు కవర్లలో పెట్టి బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపేవారు. ఒకసారి ఒక కవరు దారిలో టీకొట్టు బల్ల మీద చిరిగి కనిపించింది. సాయంత్రానికి ఆ ఊళ్ళో ఒక ఆవిణ్ణి ఎవరూ మిరపకోతకి పిలవలేదు. నెల తిరక్కుండా ఆవిడ ఊరు విడిచిపెట్టింది. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. అప్పుడే ట్రస్టువాళ్ళు నన్ను పెట్టుకున్నారు. ఎమ్సీయే చదివాను, ఖాళీగా ఉన్నాను, జీతం తక్కువైనా వచ్చాను.

బయటి దేశాలవాళ్ళెవరో రాసి ఊరికే పంచిపెట్టిన ఒక లైబ్రరీ పట్టుకున్నాను. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, తాళాలు వెయ్యడం తీయడం తెలిసిన ప్రోగ్రాముల మూట. అది చేసే పని ఇదీ. రిపోర్టుని పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. ఆ తాళంచెవికి నకళ్ళు తీసి, ఒక్కొక్క నకలునీ ఒక్కొక్కరి సొంత డబ్బాలో పెట్టి మూస్తుంది. ఎవరి డబ్బా వాళ్ళే తెరవగలరు. డాక్టరు డబ్బా తెరవాలంటే డాక్టరు దగ్గరున్న ఫ్లాపీ కావాలి. నర్సుది నర్సు దగ్గరుంటుంది. దారిలో ఎవడి చేతిలో పడినా వాడికి మిగిలేది పిచ్చి అక్షరాలే.

ఒక మనిషిని చేర్చాలంటే ఒకే ఒక వరస రాస్తే చాలు. యాడ్ రెసిపియెంట్, అంటే అందుకునే మనిషిని చేర్చు అని. ఇద్దర్ని చేరిస్తే రెండు వరసలు, పదిమందినైతే పది. మూసి పంపేశాక మాత్రం ఒకర్ని తీసెయ్యడానికి ఏ వరసా లేదు. ఎంత వెతికినా లేదు. చెయ్యి దాటిందంటే దాటినట్టే.

మొదట డాక్టరుగారిని, ఆ సెంటరు నర్సుని మాత్రమే చేర్చాను. ఏడాది తిరగకుండానే మా డైరెక్టరు బాలస్వామిగారు నా గదిలోకి వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మా చర్చి సంఘంలో పెద్ద. పాతికేళ్ళు హాజరుపట్టీ పిలిచిన అలవాటు, పట్టీలో ఉన్న పేరే ఆయనకి పేరు. ఊరంతా నన్ను షారోన్ అంటే ఆయనొక్కరే నా సర్టిఫికెట్టులో ఉన్న పేరుతో పిలుస్తారు.

"అమ్మా సుజాతా, ప్రతి ఊళ్ళోనూ మనకి కమిటీ సెక్రటరీ ఉన్నాడు కదా. సెంటరుకి గది ఇప్పించింది వాళ్ళు, కరెంటు ఇప్పించింది వాళ్ళు. రిపోర్టుల్లో వాళ్ళ పేర్లు కూడా చేర్చు."

"సార్, ఇది పెళ్ళి శుభలేఖ కాదండి, అందరి పేర్లూ వెయ్యడానికి."

"శుభలేఖలో పేరు లేకపోతే ఏమవుతుందో నీకు తెలుసుగా? రేపట్నుంచి గదికి తాళం పడుద్ది. వాళ్ళేం చదవొచ్చారమ్మా, గౌరవానికి అంతే. నర్సులకి మాత్రం చెప్పమాక, అదో గొడవ చేస్తారు."

గొణిగాను. విసుక్కున్నాను. రాసింది మాత్రం ఒక్క వరసే కదా, రాసేశాను. పదకొండు ఫ్లాపీలు కవర్లలో పెట్టి బాలస్వామిగారికిస్తే ఆయనే పంచుకున్నారు. ఆ సెక్రటరీల మొహాలు నేను చూడలేదు. ఆయన టైపు చేయించి ఇచ్చిన జాబితాలో పేర్లే నాకు తెలుసు.

మనసు ఒప్పక, నా అంతట నేనే ఒక కాపలా పెట్టాను. రోగి పేరు, మొగుడు పేరు, పెళ్ళాం పేరు, తల్లిదండ్రుల పేర్లు మా ఫారంలో ఉంటాయి. చేర్చబోయే మనిషి పేరు వాటిలో దేనితో కలిసినా ఆ మనిషిని చేర్చకుండా వదిలెయ్యాలి. ఇంట్లోవాళ్ళ చేతికి రిపోర్టు పోకూడదు. ఎవర్ని చేర్చిందీ, ఎవర్ని ఎందుకు తీసేసిందీ ఒక చిట్టాలో పడుతుంది. చిట్టాలో రోగి పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ కాపలా రాసిన రోజు నా తెలివికి నేనే మురిసిపోయి, అరండల్‌పేటలో ఒక్కదాన్నే కూర్చుని మసాలా దోసె తిన్నాను.

"నంబరు చెప్పు" అన్నాను జయకుమారితో. నా ప్రోగ్రాము తప్పేం లేదని చూపించాలన్న పట్టుదలతోనే అన్నాను.

"నాలుగువేల నాలుగువందల ఎనిమిది."

చిట్టా తెరిచాను. ఆ నంబరు వరస దొరికింది. పోయిన శనివారం పంపింది. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివి వినిపించాను.

"చేర్చిన పేర్లు, డాక్టరుగారు, డి. కోటేష్. తీసేసిన పేరు, జయకుమారి. కారణం, రోగి తానే." ఆమె వైపు తిరిగాను. "చూశావా? మీ ఇంట్లోవాళ్ళెవరూ లేరు. మీ ఆయన పేరు మార్క్ అసలే లేదు. మీ అత్త గాలికి అందేమోనే, నీ మీద కోపంతో..."

జయకుమారి గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. సంచీ కింద పెట్టింది. తెర మీద వేలు పెట్టింది.

"ఈయనకెందుకు పంపావు?"

"ఎవరికి, కోటేష్‌కా? మీ ఊరి కమిటీ సెక్రటరీ. ఎవరో మేష్టారంట."

"మా ఆయనే."

"మీ ఆయన మార్క్ కదే!"

"చర్చిలో మార్క్. బళ్ళో, జీతంలో, సర్టిఫికెట్లలో కోటేష్." నా మొహంలోకి చూసింది. "నీకు తెలీదా సుజాతా?"

హాస్టల్లో కూడా ఆమె నన్ను ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు.

తెలియకపోవడమేంటి! మా వాళ్ళలో మనిషికి రెండు పేర్లు. బాప్తిస్మం నాడు పాస్టరుగారు పెట్టినది ఒకటి, బళ్ళో వేసేటప్పుడు మేష్టారు రాసుకున్నది ఒకటి. సర్టిఫికెట్టులో బైబిలు పేరు కనపడితే రిజర్వేషను పోతుందని, మా నాన్న ఏసోబు అయినా నన్ను సుజాతగా రాయించాడు. కాలేజీ సీట్ల కౌన్సెలింగు హాల్లో సుజాత అని పిలిస్తే, ఆ సుజాత ఎవరా అని నేనే పక్కవాళ్ళ వైపు చూశాను. ఆ సంగతి చెప్పుకుని హాస్టల్లో ఎన్నిసార్లు నవ్వుకున్నామో. అలాంటి నేను, రెండు పేర్లతో ఇరవయ్యారేళ్ళు బతికిన నేను, మనిషికి ఒకటే పేరుంటుందని నమ్మి కాపలా పెట్టాను. అది ఏ అమెరికావాడో రాసి ఉంటే వాణ్ణి తిట్టుకుని ఊరుకునేదాన్ని. రాసింది నేను.

ఫారంలో భర్త పేరు దగ్గర జయకుమారి మార్క్ అని రాసింది. జాబితాలో కోటేష్ అని ఉంది. రెండూ కలవలేదు. నా కాపలావాడు సలాం కొట్టి లోపలికి పంపించాడు.

"కుమారీ" అన్నాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పుడు లేచి కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"అయితే నాకుంది" అంది మెల్లగా. "మా అత్త తిట్టినప్పుడు కూడా నమ్మలేదే. ఇప్పుడు నువ్వు పంపానన్నావు చూడు, అప్పుడు తెలిసింది."

చీటీ వచ్చేది ఏమీ లేనివాళ్ళకే. తాళం వేసిన పెట్టె వెళ్ళిందంటేనే లోపలేముందో తెలిసిపోయినట్టు. ఎంత గట్టి తాళం వేస్తేనేం, ఆ ముక్క చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. మూడేళ్ళలో నాకొక్కదానికే తట్టలేదు. నలభైమందికి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని మెత్తగా చెప్పిన మనిషికి, నేను తెర మీద నుంచి నంబరు చదివి చెప్పాను. అదీ నా తప్పు లేదని వాదిస్తూ.

ఏడుపొచ్చింది నాకు. ఆమె ఏడవలేదు.

"ఇది చెప్పు. నర్సుగా నన్ను తీసేసింది కదా. బదులు ఎవర్ని పెట్టింది?"

"ఎవర్నీ పెట్టలేదు."

"మరి నాకు చెప్పాల్సిందెవరే?"

తీసెయ్యడం రాశాను. తీసేసిన చోట ఎవర్ని చేర్చాలో రాయలేదు. డాక్టరుగారు గుంటూరులో కూర్చుని వందలు చూస్తారు, కబురు చెప్పేది నర్సు చూసుకుంటుందిలే అనుకుంటారు. నర్సుకేమో అసలు వెళ్ళనే వెళ్ళదు. ఆ రిపోర్టు చదివే దిక్కు ఇక మిగిలింది గౌరవానికి చేర్చిన మనిషి ఒక్కడే.

జయకుమారి గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమె మొహంలో నర్సు కనబడింది. సెంటర్లో రోగుల జాబితా ముందేసుకున్నప్పుడు అలాగే నుదురు ముడుస్తుంది.

"షారోనూ, నా సెంటర్లో ఇంకెవరన్నా ఇలాగే నా దాకా రాకుండా ఉండిపోయారేమో చూడు. నా పేరున్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు ఆ చుట్టుపక్కల. నా పేరు కలిసిందని తీసేసి ఉంటావు. పాపం ఎవరన్నా మందు లేకుండా తిరుగుతుంటారు."

తన నెత్తిన పిడుగు పడి గంట కాలేదు, ఎవరి కోసమో అడుగుతోంది. అందుకే నాకు ఆమె అంటే అంత ఇష్టం. చిట్టాలో వెతికే చోట 'తీసేసిన పేరు, జయకుమారి' అని కొట్టాను. రెండు వరసలొచ్చాయి. ఒకటి శనివారంది. రెండోది ఫిబ్రవరిది.

పైకి చదివాను. బుద్ధిలేనిదాన్ని, కళ్ళు ముందు చూడాలి, నోరు తర్వాత లేవాలి. నాది ఎప్పుడూ ఎదురే.

"మూడువేల నూటపదిహేడు. చేర్చిన పేర్లు, డాక్టరుగారు, డి. కోటేష్. తీసేసిన పేరు, జయకుమారి. కారణం, రోగి భార్య."

చదవడం అయిపోయాక ఆ మాటల అర్థం నాకు తగిలింది. ముందు గది నుంచి ల్యాబులో సీసాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

జయకుమారి తెర వంకే చూస్తూ ఉంది.

"నేనెవరి భార్యనే?" అంది.

నేను చిట్టా మూసెయ్యబోయాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఫిబ్రవరిలో మిర్చి యార్డులో క్యాంపు పెట్టారు. హమాలీలు, లారీ డ్రైవర్లు సూది అంటే భయపడి ముందుకి రాకపోతే, ఈయన చొక్కా చెయ్యి మడిచి ముందుగా నిలబడ్డాడు. మేష్టారే తీయించుకుంటున్నాడు మనకేంటని అందరూ వచ్చారంట. ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పాడో. పేరు మార్క్ అనే రాయించానన్నాడు, యార్డులో అందరూ మనవాళ్ళే కదా అని. వారం పోయాక చీటీ వచ్చిందా అనడిగితే, వచ్చింది, ఏమీ లేదంట అన్నాడు. చూపించమంటే చొక్కాతో పాటు ఉతుక్కి పడిందన్నాడు."

మార్క్ రిపోర్టు కోటేష్‌కి వెళ్ళింది. భార్య జయకుమారి అని నిజాయితీగా రాయించాడు కాబట్టి, నా కాపలా ఆమెను తీసేసింది. ఆయన్ని తీసెయ్యలేదు. ఊళ్ళోవాళ్ళ రహస్యాలు గౌరవానికి చదవమని నేనిచ్చిన ఫ్లాపీతో ఆయన తన రహస్యాన్ని తనే విప్పుకుని, తనే మూసి పెట్టుకున్నాడు. చెప్పే నర్సు లేదు, అడిగే నర్సు లేదు. ఆ అడగాల్సిన నర్సు రాత్రి పక్కలోనే ఉంది.

జయకుమారి వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. బొటనవేలు ఒక్కో కణుపు మీదుగా జరిగింది. ఆగస్టు దగ్గర ఆగింది. చెయ్యి తెచ్చి పొట్ట మీద పెట్టుకుంది.

"తెలిసే" అంది.

ఇంతసేపూ గుడ్లప్పగించి కూర్చున్నదానికి అప్పుడొచ్చింది నాకు కోపం. నా మీద వచ్చిన కోపం, బాలస్వామిగారి మీద కోపం అంతా కలిసి ఆ మనిషి మీదికి పోయింది.

"లే! ఫోను తియ్యి" అన్నాను. "మీ అత్తకి చెప్పు. పున్నమ్మగారూ, మీ సుపుత్రుడి నిర్వాకం ఇదీ అని చెప్పు. పది నెలల కింద తెలుసు వాడికి. తెలిసి నీకంటించాడు, నీ రిపోర్టు రాగానే మోసుకెళ్ళి తల్లికి చూపించి నీ మీదికి నెట్టాడు. బిందె తన్నించాడు! నువ్వు చెప్పకపోతే నేను చెప్తా. ఆ కుళాయి దగ్గరికే వచ్చి చెప్తా. ఈ వరస ప్రింటు తీసి చర్చి తలుపుకి అంటిస్తా!"

"అంటించి?"

"అంటించి ఏంటే? నీ మీద పడ్డ మచ్చ పోతుంది!"

"ఆ టీకొట్టు కవరుకీ దీనికీ తేడా ఏముంది?" అంది. గొంతు పెంచలేదు. "నలభైమందికి ఒట్టేసి చెప్పాను షారోనూ, మీ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పనని. మా ఆయన మంచోడైతే చెప్పను, చెడ్డోడైతే చెప్తాను అని వెయ్యలేదు ఒట్టు."

"మరి ఊరుకుంటావా? కుళాయి దగ్గర అందరూ నిన్ను..."

"ఊరుకుంటానని ఎవరన్నారు?"

లేచి నా బల్ల మీదున్న టెలిఫోను తన వైపు తిప్పుకుంది. భర్త సెల్ నంబరు కొట్టింది. బడి వదిలే వేళ. నాలుగోసారి మోగాక ఎత్తాడు. గది చిన్నది, ఆయన గొంతు నాకూ వినపడింది. గుంటూరు నంబరు చూసినట్టున్నాడు, మర్యాదగా అన్నాడు.

"హలో, ఎవరండీ?"

"నమస్తే అండి. డి. కోటేష్‌గారేనా అండి?"

ఆ గొంతు నేనెరుగుదును. ట్రైనింగులో అందరి ముందూ చేసి చూపించింది. కొత్త మనిషితో మాట్లాడే గొంతు, తొందర లేని గొంతు. బెదరనివ్వకూడదు, అబద్ధం చెప్పకూడదు, ముందు మనిషి సరైనవాడో కాదో తెలుసుకోవాలి. వరసగా అన్నీ పాటిస్తోంది.

అవతల పిల్లల అరుపుల మధ్య ఆయన గొంతు గుర్తుపట్టాడు.

"కుమారీ?"

"నేను సెంటరు నర్సుని మాట్లాడుతున్నానండి. మీరు ఒక్కరే ఉన్నారా? పక్కన ఎవరైనా ఉంటే కొంచెం అవతలికి రండి."

పిల్లల అరుపులు దూరమయ్యాయి. ఆయన ఒక్కరే ఒక మూలకి నడిచినట్టున్నాడు. ఎందుకు నడిచాడో ఆయనకే తెలియాలి. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"ఫిబ్రవరిలో యార్డు క్యాంపులో మీరు రక్తం ఇచ్చారండి. మూడువేల నూటపదిహేడు. ఆ రిపోర్టు గురించి మిమ్మల్ని పిలవాల్సింది నేనే. నా దాకా రాలేదు, అందుకని పది నెలలు ఆలస్యమైంది. ఆ తప్పు మాది, ఏమీ అనుకోవద్దు."

"కుమారీ, నేను చెబుదామనే... అమ్మ ఏదో..."

"భయపడాల్సిందేమీ లేదండి. మందులున్నాయి. రేపు పదింటికి సెంటరుకి రండి. ఇలాంటప్పుడు భార్యని కూడా పరీక్షకి తీసుకురమ్మని చెప్పడం మా పద్ధతి." అక్కడ ఆగింది. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది, పొద్దున్నుంచి తాగిన మొదటి గుక్క. "మీరు తీసుకురానక్కర్లేదులెండి. ఆవిడ అక్కడే ఉంటుంది. ఆవిడకి అయిదో నెల. బిడ్డకి రాకుండా చూసుకోవడానికి ఇంకా టైముంది."

అవతల ఏడుపు మొదలైంది. మగవాడు ఏడుస్తుంటే ఫోనులో మరీ వికారంగా ఉంటుంది. జయకుమారి చెవి దగ్గర నుంచి తియ్యకుండా విన్నది. ట్రైనింగులో అదీ ఉంది, ఏడిస్తే ఏడవనివ్వాలి, మధ్యలో పెట్టెయ్యకూడదు.

"మీ సంగతి నేను ఎవరికీ చెప్పనండి" అంది చివరికి. "మీ అమ్మగారికి కూడా చెప్పను. అది చెప్పాల్సింది మీరు. కుళాయి దగ్గర చెబితే బాగుంటుంది, అందరూ ఉంటారు. ఉంటానండి."

ఫోను పెట్టేసింది. పెట్టేశాక కూడా చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు. నేను వెళ్ళి పక్కన నిలబడితే నా నడుముకి తల ఆనించి, అప్పుడు ఏడ్చింది. జుట్టులో దూది ఏరుతూ నేను కూడా ఏడ్చాను. తప్పయిందే అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఆమె ఫరవాలేదు అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

కాసేపటికి పైటతో మొహం తుడుచుకుని తెర వైపు తిరిగింది.

"నాలుగువేల నాలుగువందల ఎనిమిది తియ్యి."

"తీసి?"

"నా పేరు చేర్చు."

"పంపేసినదానికి చేర్చడం కుదరదే. డాక్టరుగారు తన ఫ్లాపీతో విప్పి ఇస్తే, మళ్ళీ కొత్తగా మూసి..."

"అయితే ఆయన్ని పిలు. విప్పమను. మళ్ళీ ముయ్యి" అంది జయకుమారి. "రక్తం నాది. డాక్టరు పేరుంది, సెక్రటరీ పేరుంది. మూడేళ్ళలో ఒక్క రిపోర్టుకన్నా రోగి పేరు చేర్చావటే?"

ఒక్కదానికీ చేర్చలేదు. డాక్టరుగారిని పిలవడానికి లేచాను.